పరుపు దిగని పాతికేళ్లు

మే నెల, ఆదివారం. ఆదివారాలు నేను పనిచేసే చీరల దుకాణం ఒక పూటే. స్కూటర్ మెకానిక్ దగ్గర ఉండటంతో మధ్యాహ్నం ఆబిడ్స్ నుంచి నాంపల్లిలోని ఇంటికి నడిచి వచ్చాను. గడపలో అడుగు పెట్టగానే నా భార్య సుజాత నా కాళ్ల వంక చూసింది.

“ఒక్క చెప్పుతోని వచ్చినవేంది? ఇంకోటి ఏడ?”

కిందికి చూసుకున్నాను. ఎడమ కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియదు. సలసల కాగే తారు మీద ఉత్త కాలితో నడిచి వచ్చాను, ఆ సంగతి కాలికే తెలియలేదు. అరికాలు తిప్పి చూస్తే రెండు పెద్ద బొబ్బలు. సుజాత ఏడుపు లంకించుకుంది. నాకు మాత్రం నొప్పి లేదు. నొప్పి లేకపోవడం చూసే నాకు చెమటలు పట్టాయి.

ఎందుకంటే మా పెద్దన్నకు ఇలాగే మొదలైంది. ఆయన ఉస్మాన్‌గంజ్‌లో గుమాస్తా, షుగర్ మనిషి. పొద్దున కాలికి మేకు దిగితే సాయంత్రం నెత్తురు చూసేదాకా తెలియలేదు. ముందు బొటనవేలు తీశారు, తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి కింది దాకా. ఆ మంచం పక్కన నెల రోజులు కూర్చున్నవాణ్ణి నేనే. అప్పటికి నాకూ ఆరేళ్లుగా షుగర్. ఈ కాళ్లు నాకు మిగులుతాయా లేదా అన్నదే ఆ రోజు నుంచీ నా బతుకులో అసలు ప్రశ్న.

ఇది కోపంతోనే రాస్తున్నాను. చల్లారాక రాద్దామని ఆగితే రెండేళ్లయినా చల్లారలేదు.

ముందు నా పని సంగతి చెప్పాలి. చీరల దుకాణంలో సేల్స్‌మన్ తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. ఎదురుగా గిరాకీ. అడిగిన చీర పై అరల్లోంచి కుర్రాళ్లు విసురుతారు, మనం విప్పి పరుస్తాం. పాతికేళ్ల కింద మా సేటు నన్ను పనిలో పెట్టుకున్న రోజే ఒక మాట చెప్పాడు. “పరుపు మీదికెల్లి నువ్వు లేస్తే గిరాకీ లేస్తది.” దాన్ని వేదం అనుకున్నాను. బోణీ గిరాకీ ముందు కూర్చుంటే మూత్రం వచ్చినా లేవలేదు. డబ్బా అన్నం కూడా ఆ పరుపు మూలనే తిన్నాను. ఇంటికి కిలోమీటరు దూరం, దానికీ స్కూటరే. పైగా “పొద్దంత పని జేస్త, ఇంకా ఎక్సర్‌సైజ్ ఏంది” అని నలుగురిలో గొప్పలు. చేతులు తప్ప ఒళ్లు కదలలేదు, అది నాకు తట్టలేదు. నా మొద్దుబుర్ర!

ఆ ఆరేళ్లూ ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లాను. డాక్టర్ రిపోర్టు చూసేవాడు, తల ఎత్తేవాడు కాదు. “షుగర్ కంట్రోల్‌లో లేదు. గ్లిమెపిరైడ్ డోస్ పెంచుతున్నా. వాకింగ్ చేయండి. నెక్స్ట్.” రెండు నిమిషాలు. వాకింగ్ చేయండి అని ఆయన చెప్పాడు, కాదనను. మందుల షాపతను చెప్పాడు, పక్కింటాయన చెప్పాడు, పాలవాడూ చెప్పాడు. ఎందుకు నడవాలో ఒక్కడూ చెప్పలేదు. ఎప్పుడు నడవాలో, ఏ మందుతో నడవాలో అంతకన్నా చెప్పలేదు. ఎందుకో తెలియని పనిని మనిషి ఎన్నాళ్లు చేస్తాడు? నేను నాలుగు రోజులు చేసి మానేశాను.

బొబ్బలతో సర్కారు దవాఖానకు పోయాను. అక్కడ ఒక డాక్టరమ్మ, చిన్న వయసే. కళ్లు మూసుకోమని సన్నని నైలాన్ దారంతో నా పాదం మీద అక్కడక్కడా పొడిచింది. మోనోఫిలమెంట్ టెస్టట. “తెలుస్తోందా?” అని అడిగినప్పుడల్లా లేదు, లేదు అంటున్నాను. ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. కళ్లు తెరిచేసరికి ఆవిడ ముఖం గంభీరంగా ఉంది.

“పెరిఫెరల్ న్యూరోపతీ, అంటే పాదాల నరాలు దెబ్బతిన్నాయి. రిపోర్టులో మూడు నెలల సగటు షుగర్, హెచ్‌బీఏ1సీ, పది దాటింది. పోయిన స్పర్శ వాపస్ వస్తుందని మాట ఇవ్వలేను. ఉన్నది కాపాడుకుందాం.”

“మందులన్ని మింగుతున్న గద మేడం! ఒక్క పూట గూడ మానలే!” గట్టిగానే అరిచాను. క్యూలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

ఆవిడ కోప్పడలేదు. ఓపీ చీటీ వెనక ఒక కండరం కణం బొమ్మ గీసింది. “ఇది మీ దుకాణం అనుకోండి. బయట రక్తంలో సరుకు, అంటే గ్లూకోజ్, కుప్పగా పడి ఉంది. ఇన్సులిన్ వచ్చి ముందువైపు షట్టర్ తెరవాలి. మీకు ఆ షట్టర్ జామ్ అయింది. దాన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటాం. కానీ వెనక ఇంకో తలుపుంది.”

ఆ తలుపు సంగతి ఆరేళ్లలో మొదటిసారి విన్నాను. కండరం పని చేసినప్పుడు లోపల శక్తి ఖర్చవుతుంది. అది పసిగట్టి ఏఎంపీకే అనే ఎంజైమ్ మేలుకుంటుంది. మేలుకోగానే కణం లోపల ముడుచుకుని ఉన్న గ్లూట్-ఫోర్ అనే ప్రోటీన్లు పైపొర దగ్గరికి కదులుతాయి. వాటి గుండా గ్లూకోజ్ లోపలికి పోతుంది. ఇన్సులిన్ పిలవకపోయినా పోతుంది. నడక ఆపాక కూడా ఒకటి రెండు రోజులు ఆ కండరం ఇన్సులిన్ మాట కాస్త బాగా వింటుందట. వారాల తరబడి చేస్తే కణాల్లో శక్తిని పుట్టించే మైటోకాండ్రియా కూడా పెరుగుతాయట. “కూర్చున్న కండరానికి ఇవేవీ జరగవు” అంది డాక్టరమ్మ.

పాతికేళ్లు నా కండరాలను నేనే పరుపు మీద నిద్రపుచ్చాను. ఆ చీటీ పట్టుకుని బయటికొచ్చి, దవాఖాన మెట్ల మీద కూర్చుని, నోటికొచ్చిన తిట్టల్లా తిట్టాను. ఎవరినని అడిగితే చెప్పలేను. ఎక్కువ నన్నే.

బొబ్బల పుండు మానేదాకా నడవొద్దంది డాక్టరమ్మ. కుర్చీలో కూర్చుని కాళ్లు చాపడం, చీరల మూటలు ఎత్తి దించడం చేశాను. అయిదు వారాలకు మానింది. బూట్లు కొన్నాను. అప్పుడు చేశాను అసలు తెలివితక్కువ పని.

అది శనివారం. శనివారాలు నాకు ఒక్కపొద్దు. రాత్రికి ఒకే పూట భోజనం. ఎన్నో ఏళ్ల అలవాటు, మానలేదు. మందు ఒక్క పూట కూడా మానొద్దన్నారు కాబట్టి పొద్దున్నే ఖాళీ కడుపుతో గ్లిమెపిరైడ్ వేసుకున్నాను. దేవుడికి ఉపవాసం, డాక్టరుకు మందు, కాళ్లకు నడక, ముగ్గురినీ మెప్పిద్దామని నాంపల్లి పార్కులో గంటసేపు ఎడాపెడా నడిచాను. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, నాలుక మడతపడింది. బెంచీ పట్టుకోబోయి కింద పడ్డాను.

“పొద్దుగాల్నే ఏసిండు సూడు” అన్నాడొకడు, తాగి పడ్డాననుకుని, నన్ను దాటుకుంటూ. నాకు వినబడుతోంది. నోరు లేవట్లేదు. దాటుకుపోయిన ఆ కాళ్లను నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా. చివరికి టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన వంగి, “షుగర్ హై క్యా భాయ్?” అని అడిగి, తన గ్లాసులోని తీపి చాయ్ మెల్లమెల్లగా తాగించాడు. ఆయన పేరైనా అడగలేదు.

సోమవారం డాక్టరమ్మ మండిపడింది. “నడక మొదలుపెట్టానని నాకెందుకు చెప్పలేదు? గ్లిమెపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి తోస్తుంది. పైగా మీరు వెనక తలుపు కూడా తెరిచారు. తిండి లేదు. రక్తంలో ఇంకేం మిగులుతుంది? హైపోగ్లైసీమియా, అంటే షుగర్ మరీ పడిపోవడం. మనిషి పోవచ్చు కూడా!”

“నడువమన్నది మీరే గద మేడం! ఒక్కపొద్దు ఉంటవా అని ఒక్కలన్న అడిగిన్రా నన్ను?”

ఆవిడ పెన్ను కింద పెట్టింది. “నిజమే. అడగాల్సింది. తప్పు నాదే” అంది. ఆరేళ్లలో ఒక డాక్టర్ నోట ఆ మాట వినడం అదే మొదలు. డోస్ తగ్గించింది. ఉపవాసం ఉంటే ముందే చెప్పమంది. తిన్న తర్వాత పది నిమిషాలు, రోజుకు మూడుసార్లు నడవమంది. జేబులో గ్లూకోజ్ బిళ్లలు పెట్టుకోమంది.

ఇప్పుడు నా హెచ్‌బీఏ1సీ ఏడు. ఎడమ బొటనవేలికి స్పర్శ రాలేదు, రాదేమో కూడా. మిగతా చోట్ల దారం పొడిస్తే తెలుస్తోంది. రోజూ సుజాత నా అరికాళ్లు తిప్పి చూస్తుంది. రెండు కాళ్లూ ఉన్నాయి.

మధ్యాహ్నం అన్నం తినగానే నేను పరుపు దిగుతాను. సేటు సణుగుతాడు. పోయిన నెల నా పక్కన కూర్చునే యాదగిరికి షుగర్ బయటపడింది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. ఆ రోజు పెళ్లి చీరల గిరాకీ, ఆరుగురు ఆడవాళ్లు మా ముందున్నారు. వాడు అన్నం తిని, చెయ్యి కడుక్కుని మళ్లీ బాసింపట్టు వేశాడు.

“యాదగిరీ, లే. నడిచొద్దాం పా” అన్నాను.

“అన్నా, గిరాకీ...” అని నసిగాడు. గల్లా దగ్గర్నుంచి సేటు అరిచాడు. “గిరాకీ కనవడ్తలేదా మీకు?”

“కనవడ్తుంది సేటూ. మా అన్న తెగిన కాలు గూడ కనవడ్తుంది!” అన్నాను. గొంతు దుకాణమంతా వినిపించింది. పరుపు మీద చీరలు అలాగే ఉన్నాయి.

ఆ ఆరుగురిలో పెద్దావిడ నవ్వింది. “పోయి రాండ్రి బిడ్డా. మాకు చీర దొరికేసరికి పొద్దుగూకుతది. మీరు జర నడిచొస్తే మేమేడికి వోతం?”

పాతికేళ్లు గిరాకీ లేచిపోతుందని భయపడ్డాను. లేవనా అని ఒక్క గిరాకీనైనా ఒక్కసారి అడగలేదు.

మీకు చెప్పేది ఒక్కటే. నడక మొదలుపెట్టే ముందు మీ మందుల చీటీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. “నేను నడవబోతున్నాను, వీటిలో ఏది తగ్గించాలి? ఒక్కపొద్దు రోజు ఏం చేయాలి?” అని అడగండి. రెండు నిమిషాల్లో “నెక్స్ట్” అంటే, ఆ కుర్చీలోంచి మాత్రం లేవకండి.