ఊరికే వచ్చే తేడా

మాస్టారు పోయారని మా తమ్ముడు బెజవాడ నుంచి పొద్దుటి బండికి వచ్చి చెప్పాడు. మంగళగిరిలో మా ఇంటి ముందు వీధిలో నిలువు పోగుల పడుగు సాచి గంజి పెడుతున్నాం అప్పుడు. తడి ఆరేలోగా పోగులను కుంచెతో దువ్వాలి, మధ్యలో వదిలితే ఒకదానికొకటి అంటుకుపోతాయి. అందుకని కబురు విన్నాక కూడా ఎవరి చేతులూ ఆగలేదు. మా నాన్న మాత్రం కుంచె నా చేతికిచ్చి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు.

"పద నాన్నా, భవానీపురంలో వాళ్ళింటికి వెళ్దాం" అన్నాడు తమ్ముడు.

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటావురా?" అన్నాడు నాన్న.

ఆయన మా తమ్ముడికి కాలేజీలో లెక్కలు చెప్పిన మాస్టారు. సెలవు రోజుల్లో రైలెక్కి మా ఊరు వచ్చేవారు. నరసింహస్వామి దర్శనానికని పేరు, కొండ మెట్లు ఎక్కగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు. మా అరుగు మీద మజ్జిగ తాగుతూ మగ్గాల చప్పుడు వింటూ కూర్చునేవారు. ఎవరైనా ఏదైనా ఖాయంగా చెబితే, "అలాగా? ఎలా తెలిసిందండీ?" అని అడిగేవారు. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకుందామనే. అయినా మా వీధిలో సగం మందికి ఆ ప్రశ్నంటే ఒళ్ళు మంట. తనకు తెలియనిదాన్ని తెలియదని చెప్పేటప్పుడు కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకోవడం ఆయన అలవాటు. ఆ అద్దాలు ఎప్పుడు చూసినా తళతళలాడుతూ ఉండేవి.

యుద్ధం రోజుల్లో బియ్యానికి కంట్రోలు వచ్చింది. తినడానికే చాలని బియ్యం పడుగులకు ఎక్కడ పోస్తాం? చింతపిక్కల పిండి కాచి గంజి పెట్టుకోవచ్చని కొందరన్నారు. దాంతో పోగులు ఎక్కువ తెగుతాయని కొందరన్నారు. నాన్న వీధికి పెద్ద కాబట్టి ఆయనే మాస్టారిని అడిగాడు.

మాస్టారు పెట్టిన షరతులు మాకు వింతగా తోచాయి. కొన్ని పడుగులకు బియ్యం గంజి, కొన్నిటికి చింతపిక్కల గంజి. దేనికి ఏది అన్నది చీట్లు వేసి తేల్చాలి. నేసేవాళ్ళకు ఆ సంగతి తెలియకూడదు. పోగు తెగినప్పుడల్లా మగ్గం పక్కన ముంతలో ఒక గురివింద గింజ వెయ్యాలి. గింజలు వేసే పని ఆడవాళ్ళది.

"ఇంత తతంగం దేనికండీ? ఒకటి ఇది, ఒకటి అది నేసి చూస్తే చాలదూ?" అన్నాడు నాన్న.

"ఒకే కుండలో గంజి రెండు పడుగులకు పెట్టారనుకోండి. రెండూ ఒకేలా తెగుతాయా?"

"ఒకేలా ఎందుకు తెగుతాయండీ? చేతిని బట్టి, గాలిని బట్టి మారుతుంది."

"అదీ ఊరికే వచ్చే తేడా. అదెంత ఉంటుందో ముందు తెలియాలి. దాన్ని మించి కనిపిస్తేనే, ఇది గంజి మూలాన అనగలం."

పడుగులన్నీ నేసి దించాక చూస్తే, చింతపిక్కల గంజి ముంతల్లో గింజలు కాస్త ఎక్కువగానే ఉన్నాయి. మాస్టారు లెక్క వేసుకుని వచ్చి వీధివాళ్ళందరి ముందూ చెప్పారు. "ఈ మాత్రం తేడా ఊరికే కూడా రావచ్చు. ఇంత తక్కువ పడుగులతో తేలదు. గంజిలో తేడా ఉందనీ అనలేను, లేదనీ అనలేను. ఇంకా నేసి చూడాలి." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అంటే లేనట్టేగా?" అన్నాడు నాన్న.

"కాదండీ. గుడ్డిదీపంతో గదంతా వెతికారు, తేలు కనపడలేదు. లేదని చాప పరుచుకుని పడుకుంటారా? పెద్ద దీపం తెచ్చుకుందాం అంటున్నాను."

అందరూ నవ్వారు. మాస్టారు బండెక్కారో లేదో, "తేడా లేదని తేలిపోయింది, మాస్టారే చెప్పారు. ఇక అందరం చింతపిక్కలే" అని నాన్న వీధంతా చెప్పాడు. ఆయన అబద్ధాలకోరు కాడు. గంజికి పోసే బియ్యం పిల్లల కంచాల్లోకి వస్తాయన్న ఆశతో విన్నాడు, ఆ ఆశకు సరిపడేటంతే ఆయన చెవికెక్కింది. గింజలు వేసిన మేమూ కాదనలేదు, మాకూ పిల్లలున్నారు.

ఆ వానాకాలం ఎక్కడ చూసినా పోగులు తెగడమే. చీరల నిండా ముడులు. బెజవాడ షావుకార్లు సరుకు తిప్పి పంపారు. మా ఎదురింటివాళ్ళు మగ్గం విప్పేసి మైలవరం వైపు కూలికి పోయారు. చదువుకున్నవాడి మాట నమ్మి చెడ్డామని వీధంతా మాస్టారిని తిట్టింది. నాన్న తల వంచుకుని ఊరుకున్నాడు.

మాస్టారు వచ్చారు. అరుగెక్కలేదు, మజ్జిగ పుచ్చుకోలేదు. వీధి మధ్య నిలబడి, "నాదే తప్పండీ" అన్నారు. అప్పుడు మాకు వచ్చిన కోటా నూలే చచ్చు నూలు. బియ్యం గంజి పెట్టినా తెగేదేమో. తమ్ముడు ఆ మాట అనబోతే మాస్టారు వాణ్ణి పక్కకు లాగారు.

"పోల్చడానికి బియ్యం గంజి పెట్టిన పడుగు ఒక్కటైనా ఉందా? గంజి మూలాన తెగిందని వాళ్ళు రుజువు చెయ్యలేరు, నూలు మూలాన అని నేనూ చెయ్యలేను. తెలియనిదాన్ని అడ్డం పెట్టుకుని తప్పుకోమంటావా?" తర్వాత నా వైపు తిరిగారు. "వినేవాళ్ళు ఏ మాట కోసం కాచుకుని ఉన్నారో చూసుకుని చెప్పాలమ్మా. నేను లెక్క చూసుకున్నాను గానీ, మొహాలు చూసుకోలేదు."

నాన్న నా పక్కనే ఉన్నాడు. "తేడా లేదన్నది మాస్టారు కాదు, నేను" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. మాస్టారు మళ్ళీ మా వీధికి రాలేదు. తమ్ముడు కనిపించినప్పుడల్లా మాత్రం, "నాన్నగారు కులాసాయేనా?" అని అడిగేవారట. వాడు వచ్చి ఆ మాట చెప్పిన పూట నాన్నకు అన్నం సయించేది కాదు.

చివరికి కబురు విన్న ఆ రోజు నాన్న భవానీపురం వెళ్ళాడు. చెప్పవలసిన మాట చెప్పడానికి అక్కడ మాస్టారు లేరు. మర్నాడు వీధివాళ్ళను పిలిచి, మాస్టారు నిలబడ్డ చోటే నిలబడి చెప్పాడు. "తేడా లేదని మాస్టారు అనలేదు. తేలలేదన్నారు. లేదన్నది నేను. మీరు తిట్టవలసింది నన్ను."

గుంపులోంచి ఎవరో, "అయితే ఇంతకీ ఆ చింతపిక్కల గంజి పనికొస్తుందా, రాదా?" అని అడిగారు.

నాన్నకు కళ్ళజోడు లేదు. కండువాతో కళ్ళే తుడుచుకున్నాడు. "తెలియదు" అన్నాడు. నాకు బుద్ధి తెలిశాక ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

ఇప్పుడు మా వీధిలో మునుపటికన్నా చాలా ఎక్కువ పడుగులు మగ్గాలెక్కాయి. నూలంతా ఒకటే రకం. ఏ పడుగుకు ఏ గంజి పెట్టించాడో తమ్ముడికి తప్ప ఎవరికీ తెలియదు. నేను మగ్గం పక్కన ముంత పెట్టుకుని ఇది రాస్తున్నాను. నాన్న నేస్తూ ఉన్నట్టుండి ఆగాడు. పోగు తెగింది. ముంతలో ఒక గింజ వేశాను. ఏ గంజిదో ఆయన అడగలేదు. వంగి పోగు ముడి వేసుకుంటున్నాడు.