వదిన దగ్గర ఆగని బుర్ర

ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. మేం సింగపూర్‌లో, టాంపినీస్‌లో ఉండేవాళ్లం. గుంటూరు నుంచి మా ఆడపడుచు వస్తే, అర్జెంటీనా వాళ్ల ఇల్లు చూపిద్దామని మావారి మేనేజర్ భార్య మార్తా దగ్గరికి తీసుకెళ్లాను.

మార్తా చిన్న సొరబుర్రలో పచ్చటి ఆకుపొడి వేసి, వేడినీళ్లు పోసింది. అందరికీ అదే బుర్ర, పీల్చడానికి అదే గొట్టం.

"గంజాయేమోనే! ఈ ఊళ్లో ఉరి తీస్తారట," అంది వదిన నా చెవిలో.

"టీ లాంటిదే, తాగండి వదినా. వద్దంటే మీ తమ్ముడి ఉద్యోగానికి ఎసరు!"

వదిన కళ్లు మూసుకుని తాగేసి "థ్యాంక్యూ" అంది. ఆ తర్వాత బుర్ర మార్తాకూ నాకూ మధ్యే తిరుగుతోంది గానీ, వదిన దగ్గర ఆగడం లేదు.

"చూశావా? ఎంగిలని మొహం చిట్లించానుగా, పగబట్టింది."

నాకూ అదే అనుమానం. నా నోరు ఊరుకోదుగా, "మా వదినేం తప్పు చేసింది? ఆవిడకివ్వరా?" అని మార్తాను నిలదీశాను.

ఆమె తెల్లబోయింది. "ఆవిడే చాలన్నారుగా! మా వైపు ఇది తాగుతూ థ్యాంక్స్ అంటే, ఇక వద్దని అర్థం."

సిగ్గుతో తల వాలిపోయింది. ఆ ఉద్యోగం నిలిచింది మార్తా మంచితనం వల్లే.

ఒకటి మాత్రం నిజం. ఉన్నన్నాళ్లూ నా చేతి కాఫీ తాగిన వదిన, నాతో ఆ థ్యాంక్యూ మాట ఒక్కసారీ అనలేదు. నేనూ పోస్తూనే ఉన్నాను.