పదో మెట్టు కింద

నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి... నా చెవులతో విన్నదే చెబుతున్నాను. దయ్యాలకు భయపడితే నర్సు నైట్ డ్యూటీ చేసినట్టే! నాకా భయం లేదు. ఆ రాత్రి వరకూ లేదు.

బొమ్మనహళ్ళి దగ్గర ఓ చిన్న ఆసుపత్రి. తుంటి ఆపరేషన్ అయిన రత్నమ్మగారు నొప్పికి మూలుగుతున్నారు. ఆమెది తరతరాలుగా బెంగళూరులో పట్టు నేసిన కుటుంబం. తర్వాతి ఇంజెక్షన్‌కి ఇంకా రెండు గంటలుంది. అలాంటప్పుడు మేం మాటలతోనే నొప్పి మీంచి మనసు మళ్లిస్తాం. కళ్లు మూయించి, వాళ్లకు హాయిగా ఉండే చోటికి ఊహలో మెట్లు దింపుతాం. మెట్టు మెట్టుకూ కొంచెం నొప్పి వదిలేయమంటాం.

"మీకు చల్లగా అనిపించే చోటేదమ్మా?"

"మా పాతింట్లో నేలమాళిగ ఉండాది గదమ్మా. పట్టు నూలు పెడతా ఉంటిమి. పది మెట్లు."

ఒకటి... రెండు... నెమ్మదిగా లెక్కపెట్టాను. పదో మెట్టుకు మూలుగు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఎదురు గదిలో బెల్ మోగింది. పరుగెత్తాను.

దింపినవాళ్లను మళ్లీ లెక్కపెట్టి పైకి తేవాలి. అది మాకు నేర్పే మొదటి పాఠం. నేను మర్చిపోయాను.

గుర్తొచ్చేసరికి ముప్పావు గంట గడిచింది. వెళ్లి చూస్తే ఆమె కళ్లు మూసుకునే ఉన్నారు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. పెదాలు కదులుతున్నాయి... "నలభై ఒకటి... నలభై రెండు..."

"అమ్మా! పది మెట్లే కదా!"

"నువ్వే గదమ్మా ఇంకా ఉండాయి, దిగు అంటివి... ఇంతసేపూ పక్కనే ఉండావే."

ఇంతసేపూ నేను ఎదురు గదిలో ఉన్నాను.

ఈమె తిరిగి రాకపోతే ఆ పాపం నాదే. వెనక్కి లెక్కపెట్టాను. నలభై ఒకటి... నలభై... ముప్పై దాటాక... నా మాట వెనకే ఇంకో మాట. రత్నమ్మగారి పెదాలు మూసే ఉన్నాయి. నేను ఆగాను.

అది ఆగలేదు.

"ఇరవై ఏడు..." అంది. నా గొంతే.

ఒకటి దాకా ఎలా వచ్చానో దేవుడికే తెలియాలి. ఆమె కళ్లు తెరిచారు. బతికించావు తల్లీ అనుకుని ఏడ్చేశాను. పైకొచ్చాక నొప్పెంత, పదికి ఎన్ని మార్కులు అని అడగడం మా పద్ధతి. అడిగాను.

"నాకేం లేదమ్మా." నా భుజం వెనక్కి చూశారు. "నీ వెంట ఏడ్చుకుంటా పైకొచ్చిందే... ఆమెనూ అడుగు."

మందుల మత్తా? నా నిద్రలేమా? ఇప్పటికీ తెలియదు. రత్నమ్మగారు వారంలో ఇంటికెళ్లారు. నేను మాత్రం ఆ రాత్రి వెనక్కి తిరిగి చూడలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నొప్పెంతని అడగకుండా వదిలేసి వచ్చింది ఆ ఒక్కరినే.