చిక్కటి ఆయిల్ పోసిన కారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సేవ జరిగేది మా నాయన టాక్సీకే. తిరుచానూరులో గుడికి కాస్త ఎడంగా ఒక సందులో ఉండేవాళ్ళం. యాత్రికులను కొండకూ కాళహస్తికీ కాణిపాకానికీ తిప్పి తీసుకురావడం నాయన పని. మా అమ్మకు మేమిద్దరం ఆడపిల్లలం. నాయనను అడిగితే మాత్రం ముగ్గురని చెప్పేవాడు. ఆ మూడోదానికి పొద్దున్నే నీళ్ళు పోసి, ఒళ్ళంతా తుడిచి, అద్దానికి పూలదండ వేస్తే తప్ప ఆయన కాఫీ ముట్టేవాడు కాదు. అంత గారాబం చేసిన బండి ఆయిల్ తాగడం మొదలుపెడితే ఆయన చాలా రోజులు ఎవ్వరికీ చెప్పలేదు.

కానీ పొగను ఎవరు దాచగలరు? స్టార్ట్ చేస్తే చాలు, వెనక నీలంగా కమ్ముకునేది. కొండ దారిలో మలుపు వచ్చినప్పుడల్లా కారు ఈడ్చుకుంటూ, ఆయాసపడుతూ ఎక్కేది. వెనక సీట్లో యాత్రికులు ముక్కులకు పైట కొంగులు అడ్డం పెట్టుకుని గోవింద నామం గట్టిగా అందుకునేవారట. ఒకరిద్దరు దారిలోనే దిగి బస్సెక్కారని తర్వాత తెలిసింది.

ఒకరోజు ఉదయం నాయన బానెట్ ఎత్తి, ప్లగ్గులన్నీ విప్పి, నన్ను పిలిచాడు. ఇప్పుడైతే షెడ్డుల్లో గడియారం లాంటి మీటరు బిగించి, ఏ సిలిండర్‌లో కంప్రెషన్ ఎంత ఉందో అంకెల్లో చెప్పేస్తారు. ఆ రోజు మా నాయనకు మీటరు నా బొటనవేలే. ప్లగ్గు తీసిన రంధ్రం మీద వేలు గట్టిగా అదిమిపెట్టమని చెప్పి, తను ముందు వైపు నుంచి ఇనుప హ్యాండిల్ పెట్టి ఇంజిన్‌ను మెల్లగా తిప్పాడు. మొదటి సిలిండర్ నా వేలిని ఎగరగొట్టింది. రెండోదీ అంతే. మూడో దగ్గర మాత్రం వేలి కింద ఒక నిట్టూర్పు లాంటిది వచ్చి ఊరుకుంది. నాలుగోది మళ్ళీ తన్నింది.

అప్పుడు మూడో రంధ్రంలో ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ తిప్పాడు. ఈసారి నా వేలు టప్పున లేచిపోయింది. జబ్బు కుదిరిపోయిందనుకుని నేను చప్పట్లు కొట్టాను. నాయన ముఖం మాత్రం వాడిపోయింది. నన్ను బంపర్ మీద కూర్చోబెట్టి విషయం చెప్పాడు. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు గాలిని నొక్కిపెట్టాలట, బండి బలమంతా ఆ నొక్కుడులోనే ఉంటుందట. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగితే గాలి సందుల్లోంచి కిందికి జారిపోతుంది. ఆయిల్ పోస్తే ఆ సందు కాసేపు పూడుకుంటుంది. పోసినా మార్పు లేకపోతే తప్పు పైన వాల్వులది, మార్పు వచ్చిందంటే తప్పు రింగులది. బడిలో ఏ పాఠమూ నాకు అంత బాగా తలకెక్కలేదు.

షెడ్డు మేస్త్రీ వచ్చి చూసి, ఇంజిన్ దించాల్సిందే, సిలిండర్ల గోడలు తొలిపించి బోరింగ్ చేయించాల్సిందే అన్నాడు. అంటే ఎన్నాళ్ళో బండి కదలదు, ఇంట్లో పొయ్యి వెలగదు. నాయన రెండు మూడు రోజులు వాకిట్లో ఊరికే తిరిగాడు. ఆ తర్వాత కారు అమ్మేస్తున్నానని అమ్మకు చెప్పాడు. జబ్బు సంగతి మాత్రం చెప్పలేదు.

కొనేవాళ్ళు వస్తారనగా ముందురోజు ఆయన పాత ఆయిల్ వంపేసి కొత్తది పోశాడు. అది మామూలు ఆయిల్ కాదు. ముదురు పాకంలా తీగలు సాగుతూ, డబ్బాలోంచి దిగడానికే బద్ధకించేంత చిక్కటిది. నాకు వచ్చిన పాఠాన్ని అప్పజెప్పే అవకాశం దొరికిందని సంబరపడి, మూడోదాంట్లో చెంచాడు పోసినట్టే ఇప్పుడు మొత్తానికి పోస్తున్నావా నాయనా అని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే, "నోరు మూసుకోని లోపలికి పో" అన్నాడు. అంతకు ముందెప్పుడూ నన్ను అలా కసిరింది లేదు. నేను ఎందుకు చేదయ్యానో అప్పుడు అర్థం కాలేదు.

పలమనేరు నుంచి వచ్చినవాళ్ళు పాడి మీద బతికే కుటుంబం. ఇంటాయన, చంకలో పసిబిడ్డతో ఆయన భార్య, ఆయన తల్లి, డ్రైవింగ్ వచ్చిన బావమరిది. ఆవులన్నీ అమ్మి, బెంగుళూరు రోడ్డు మీద టాక్సీ తిప్పుకుందామని బయల్దేరారు. పొద్దున చల్లటి ఇంజిన్ మీద బావమరిది హ్యాండిల్ వేసి తిప్పితే అది గట్టిగా ఎదురుతన్నింది. స్టార్ట్ చేస్తే పొగ జాడ లేదు. ముసలామె మాత్రం కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఆవు డొక్క తట్టినట్టు బానెట్ మీద అరచేత్తో తట్టింది. తర్వాత గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసింది.

"మా పక్క గొడ్డును అమ్మేవాడు బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి సెప్తాడు నాయనా. మాకదే కాయితం. నువ్వూ అట్లనే సెప్పు, తీసకపోతాం" అంది.

నాయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. నన్ను దగ్గరికి పిలిచి నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆయిల్ వదిలించడానికి కిరసనాయిలుతో కడుక్కున్న చెయ్యి, ఆ వాసన నా ముక్కుకు కొట్టింది. బండిలో ఏ దోషమూ లేదని చెప్పాడు. వాళ్ళు కారుకు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, నాకు బుగ్గ గిల్లి వెళ్ళిపోయారు.

మా వీధిలో పిల్లలందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఎవరి తల మీద దొంగ ఒట్టు వేస్తే వాళ్ళు చచ్చిపోతారు. దీని మీద మాలో ఎవరికీ అనుమానం లేదు. నేను అన్నం వద్దని చెప్పి, గోడ పక్కన చాప పరుచుకుని పడుకుని చావు కోసం ఎదురుచూశాను. భయం కంటే సిగ్గే ఎక్కువగా ఉండింది నాకు. నేను చచ్చిపోతే ఎందుకు చచ్చిపోయిందని వీధి వీధంతా అడుగుతుంది, అప్పుడు మా నాయన చేసిన పని అందరికీ తెలిసిపోతుంది. జ్వరంతో పోయానని చెప్పించడమెలాగా అని ఆలోచించాను. అమ్మ వచ్చి నుదురు తడిమి ఏమైందే అంటే, నా పూల పావడా చెల్లికి ఇచ్చేయమన్నాను. మా అమ్మ తెలివైన మనిషి. మరో నాలుగు మాటల్లో చిక్కటి ఆయిల్ సంగతంతా బయటికి లాగింది.

ఆమె అరవలేదు, ఏడవలేదు. వాకిట్లో కూర్చున్న నాయన దగ్గరికి వెళ్ళి, "బిడ్డ సావడానికి పండుకోనుండాది, పోయి సూడు" అంది. ఆయన వచ్చి నన్ను చూసిన చూపు నేను వర్ణించలేను. చూశాడు, చూడలేక గోడ వైపు తిరిగిపోయాడు. అమ్మ వెనకనుంచి, "పొద్దున్నే పలమనేరికి పో. దాన్నీ తీసకపో. ఎవురి నెత్తిన చెయ్యి పెట్టినావో వాళ్ళ ముందరే సెప్పు" అంది.

మర్నాడు మేమిద్దరం బస్సులో బయల్దేరాం. చిత్తూరులో బస్సు మారాం. ఇంకా ఎంతసేపు బతుకుతానని నేను అడిగితే నాయన కండువాతో ముఖం ఒత్తుకున్నాడు. పలమనేరుకు ముందొచ్చే మొగిలి ఘాటులో బస్సు మూలుగుతూ ఎక్కుతుంటే ఆయన సీటు అంచుకు జరిగి, రోడ్డు పక్కన ఎవరైనా ఉన్నారేమోనని వెతుకుతున్నట్టు చూశాడు.

పలమనేరులో మమ్మల్ని చూడగానే ఆ ఇంటివాళ్ళు చుట్టాలొచ్చినంత సంబరపడ్డారు. బండి మీద మమకారం వదల్లేక వచ్చాడనుకున్నారు. ఇంటాయన అరుగు మీద దుప్పటి పరిచాడు, ఆయన భార్య వేడి పాలు తెచ్చి మా చేతుల్లో పెట్టింది. ఇక చూసుకోండి, మేము అడక్కుండానే ఘాటులో జరిగింది చెప్పుకొచ్చారు. సగం దారిలో బండి మొరాయించిందట. అందరూ దిగి తోశారట. పసిబిడ్డను ఎత్తుకుని కోడలు, కొంగు నెత్తిన వేసుకుని అత్త, మిట్ట మధ్యాహ్నం ఎండలో ఘాటంతా నడిచి ఎక్కారట. ముసలామె పాదాలకు పసుపు పట్టు వేసి ఉంది. అయినా ఒక్కరి గొంతులోనూ కోపం లేదు.

"దాని తప్పు గాదులే అబ్బా" అన్నాడు ఇంటాయన, మా నాయననే ఓదారుస్తున్నట్టు. "ఆవు గూడా కొత్తింటికొస్తే రెండు పూటలు పాలియ్యదు గదా. మనుసులు అలవాటు కావాల. మా బామ్మర్దికి గూడా ఈ బండి తోలడం కొత్త. నువ్వు బిడ్డ మీద చెయ్యి పెట్టి సెప్పినాక బండినేమనేదానికుండాది?"

నాయన పాలలోటా తాగకుండానే అరుగు మీద పెట్టేశాడు. నాకు భూమిలోకి దూరిపోవాలనిపించింది. తిడితే బాగుండేది, కొడితే ఇంకా బాగుండేది. మమ్మల్ని నమ్మి, ఆ నమ్మకంతో తమను తామే తప్పుపట్టుకుంటున్న మనుషుల ముందు ఎలా కూర్చోవాలో నాకు తెలియలేదు. ఆ వయసులో నేను ఎరిగిన సిగ్గులన్నీ ఇంకొకరు నవ్వితే వచ్చేవి. ఎవరూ నవ్వకుండా వచ్చిన మొదటి సిగ్గు అది.

నాయన లేచి నిలబడ్డాడు. "తప్పు బండిది గాదు, మీది గాదు, నాది" అని మొదలుపెట్టి రింగుల సంగతీ, చిక్కటి ఆయిల్ సంగతీ, నా తల మీద వేసిన ఒట్టు దొంగదన్న సంగతీ ఒక్కటీ దాచకుండా చెప్పాడు. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపే ఆ ఆయిల్ సందులను పూడుస్తుందనీ, వేడెక్కి పలచబడితే మళ్ళీ మామూలేననీ అన్నాడు. డబ్బు వెనక్కి ఇమ్మంటే ఇచ్చి బండి తీసుకుపోతాననీ, ఉంచుకుంటామంటే ఇక్కడే ఉండి బాగు చేసి పోతాననీ చెప్పాడు. ఇంటాయన లేచి, ఆవులు లేని కొట్టంలోకి వెళ్ళిపోయాడు. అక్కడ ఆయన ఏం చేశాడో నాకు తెలియదు, కానీ చాలాసేపు రాలేదు.

భోజనం వేళయింది. ఎంత కోపం ఉన్నా ఇంటికొచ్చిన మనిషిని పస్తు పెట్టే ఇల్లు కాదది. కోడలు నాయనకు బయట అరుగు మీద విస్తరి వేసి, రాగి సంగటి ముద్దా పప్పూ వడ్డించి, ముఖం చూడకుండా లోపలికి వెళ్ళింది. నన్ను మాత్రం చెయ్యి పట్టుకుని, లోపల కూర్చుందువు రమ్మంది. లోపల మిగతావాళ్ళ విస్తళ్ళు వరసగా ఉన్నాయి. బయట మా నాయన ఒక్కడే, ముద్ద ముట్టుకోకుండా తల వంచుకుని ఉన్నాడు. లోపలికి పోతే నాయన ఏమనుకుంటాడో, బయట కూర్చుంటే వీళ్ళేమనుకుంటారో తేలక గడప మీదే నిలబడిపోయాను.

అప్పుడు ముసలామె తన విస్తరి చేత్తో పట్టుకుని, బొబ్బలెక్కిన పాదాలతో కుంటుకుంటూ అరుగు మీదికి వచ్చింది. నాయన పక్కన చతికిలబడింది.

"జరుగు" అంది. "ఒక్కడివే కూసోని తింటే సంగటి గొంతు దిగదు."

నాయన జరిగాడు. ఆమె సంగటి తుంచి పప్పులో అద్దుకుని తినడం మొదలుపెట్టింది. క్షమించానని అనలేదు, పోనీలే అని కూడా అనలేదు. నన్ను చూసి, నువ్వూ రా అన్నట్టు రెండో పక్కన నేలను తట్టింది. నేను వెళ్ళి కూర్చున్నాను. నాయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె తింటూనే ఉంది. మధ్యలో ఒకసారి మంచినీళ్ళ చెంబు ఆయన వైపు జరిపింది. కాసేపటికి కొట్టంలోంచి ఇంటాయన వచ్చి, మమ్మల్ని ముగ్గురినీ చూసి, బండి ఈ కొట్టంలోనే విప్పుకో అన్నాడు.

నాకు ఎండాకాలం సెలవులు. బాగయ్యే దాకా అక్కడే ఉన్నాం. హెడ్డు దించి, కింద ఆయిల్ తొట్టి విప్పి, పిస్టన్లు పైకి తీస్తే మూడోదాని రింగు విరిగి ఉంది. దాని ముక్క సిలిండర్ గోడను నిలువునా గీరేసింది. బోరింగ్ తప్పలేదు. ఇంజిన్ బ్లాకును నాయన చిత్తూరుకు వెళ్ళే పాల వ్యానులో వేసుకుపోయి, బోరింగ్ మెషిన్ మీద నాలుగు సిలిండర్లూ సాపు చేయించి, వాటికి సరిపడా పెద్ద పిస్టన్లూ కొత్త రింగులూ తెచ్చాడు. రింగుల నోళ్ళన్నీ ఒకే వరసలో ఉంటే గాలి మళ్ళీ జారిపోతుందని, ఒక్కోదాన్ని ఒక్కో పక్కకు తిప్పి బిగించాడు. ఒక్కొక్కటీ బిగిస్తూ ఆ ఇంటి బావమరిదికి చూపించాడు.

బిగించడం అయ్యాక అందరినీ ఎక్కించుకుని ఘాటు కిందిదాకా వెళ్ళి మళ్ళీ పైకి వచ్చాం. ముసలామె ముందు సీట్లో కూర్చుంది. కారు ఎక్కడా మూలగలేదు. పైకి వచ్చాక ఆమె మా నాయన వైపు తిరిగి, "ఇంగ నీకు సెలవు" అంది, అంతే. మేము బస్సెక్కి ఇంటికి వచ్చాం. నాయన ఆ తర్వాత ఒకరి దగ్గర కారుకు డ్రైవరుగా చేరాడు. బతికినంతకాలం పలమనేరు పేరెత్తితే ఆయన ముఖం కందిపోయేది. ఆ సిగ్గు ఆయనను వదల్లేదు, నన్నూ పూర్తిగా వదల్లేదు. ఇన్నేళ్ళ తర్వాత ఇది రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

పెద్దయ్యాక నేను బడిపంతులమ్మనయ్యాను. తప్పుచేసి తల దించుకుని నా గదిలోకి వచ్చిన పిల్లలనూ, వాళ్ళ అమ్మానాన్నలనూ ఎందరినో చూశాను. చెప్పాల్సింది చెప్పాను, వేయాల్సిన శిక్షలు వేశాను. కానీ వాళ్ళకు ఎదురుగా బల్లకు అటుపక్క కూర్చోవడం మాత్రం నా వల్ల కాలేదు. కుర్చీ లాక్కుని వెళ్ళి, కాస్త జరగమని, పక్కనే కూర్చునేదాన్ని.