నాయనమ్మ మండువాలో మూడు నిషిద్ధ ప్రశ్నలు

మా చిన్నప్పుడు... సాయంత్రం కాగానే ఊరి చివర ఈతవనంలో మా నాయనమ్మ కల్లు మండువా తెరుచుకునేది. తెరవడమంటే తలుపేమీ లేదు... కంపకు అడ్డం పెట్టిన కర్రను పక్కకు తీయడమే. తాత దింపిన కల్లు లొట్టి కుండల్లో నురగ కక్కుతుండేది. నాయనమ్మ పీట మీద కూర్చుని, దొప్పల్లా మడిచిన తాటాకు రేకల్లోకి వంచేది.

నేనూ చెల్లెలూ ఉడికించిన బొబ్బర్ల గుడాల రుచి నిర్ణేతల హోదాలో హాజరయ్యేవాళ్లం. ఆ పదవికి జీతభత్యాలు లేవు... గుడాలే.

ఒక ఏడు, రోజూ మండువాకు వచ్చే గంగారాం దుబాయ్ పోయాడు. మా ఊరి భూగోళశాస్త్రంలో గల్ఫ్ మొత్తం దుబాయే... అతను దిగింది నిజానికి నేనిప్పుడు ఉంటున్న ఈ ఖతర్‌లో. రెండేళ్లకని వెళ్లినవాడు నాలుగు నెలలకే తిరిగొచ్చి ఇంట్లో దూరాడు. వారం దాటినా గడప దాటలేదు.

కారణం అందరికీ తెలుసు. దుబాయ్ నుంచి వచ్చినవాడిని ఎదురైన ప్రతివారూ మూడు ప్రశ్నలు వేయడం మా ప్రాంతపు ఆచారం. ఎప్పుడొచ్చినవ్... ఎన్ని దినాలుంటవ్... మళ్ల ఎప్పుడు వోతవ్. ఓడి వచ్చినవాడికి ఈ మూడింటికీ జవాబు ఒక్కటే. అది నోట రాదు.

నాయనమ్మ ఉత్తర్వు జారీ చేసింది. మండువా హద్దుల్లో సదరు మూడు ప్రశ్నలు నిషిద్ధం. ఉల్లంఘించినవాడికి ఆ పూట రేక లేదు. అవి అడగకపోతే అసలు పలకరింపు ఎట్లా అవుతుందని పోశెట్టి మామ అభ్యంతరం తెలిపాడు. అభ్యంతరం నమోదు కాలేదు.

పదో రోజు గంగారాం వచ్చి కంప దగ్గర ఆగాడు.

ఉత్తర్వు పకడ్బందీగా అమలైంది. చిక్కేమిటంటే... ఆ మూడు తప్ప దుబాయ్ వాడిని అడగడానికి ఒక్కరికీ మరో మాట తెలియదు. అందరూ ఒక్కసారిగా మూగబోయారు. లొట్టిలో నురగ చిటపటలాడటం వినిపించింది. ఆ నిశ్శబ్దం మూడు ప్రశ్నల కంటే బరువుగా ఉంది. గంగారాం వెనక్కి ఒక అడుగు వేశాడు.

నాయనమ్మ తల కూడా ఎత్తలేదు.

"గంగారాం, ఆ లొట్టి జర ఇటు జరుపు. నా మోకాళ్లు లేస్తలెవ్వు."

నిన్న కూడా వచ్చినవాడికి చెప్పినట్టే చెప్పింది. అతను లోపలికొచ్చి లొట్టి జరిపాడు. జరిపినవాడు అక్కడే కూర్చున్నాడు. పోశెట్టి మామ చాలాసేపు ఆలోచించి, నిబంధనలకు లోబడిన ఒక ప్రశ్న కనిపెట్టాడు.

"మీ బర్రె ఈనిందా?"

"పొద్దుగాలనే ఈనింది మామా. దుడ్డె."

దాంతో మండువా మొత్తానికి మాటలు తిరిగొచ్చాయి. ఆ దుడ్డె గురించి జరిగినంత చర్చ మా పంచాయతీలో ఏనాడూ జరగలేదు. రెండో రేక అయ్యాక గంగారాం తనంతట తానే నోరు విప్పాడు.

"నాతోని కాలే పెద్దమ్మా."

"కాకుంటే కాకపాయె. రేక పట్టు."

విచారణ ముగిసింది.

ఇవాళ ఖతర్ రాజధానిలోని ముషైరిబ్ పేటలో ఒక హోటల్లో, అతిథి మర్యాదల విభాగంలో నా డ్యూటీ. దీపాల వెలుగు ఎంత ఉండాలి, అత్తరు వాసన ఎంత ఉండాలి, చిరునవ్వు ఎన్ని అడుగుల దూరం నుంచి మొదలవ్వాలి... అన్నింటికీ రాతపూర్వక నిబంధనలున్నాయి. కొత్తగా చేరినవాళ్లకు వాటిని నేర్పేది నేనే. ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే విశ్వవిద్యాలయం పేరు రెండోదిగా చెబుతాను. మొదటిది కల్లు మండువా అని చెప్పడానికి ఇంతవరకు ఒక్కసారీ తడబడలేదు.

ఆ ఈతవనం ఇప్పుడు లేదు. కల్లు సీసాల్లో వస్తోందట... కొనుక్కుని ఎవరింటికి వారు పోతున్నారట. ఓడి తిరిగొచ్చినవాళ్లు మాత్రం ఇప్పటికీ వస్తూనే ఉన్నారు... వాళ్లు సాయంత్రాలు ఎక్కడికి వెళ్తున్నారో తెలియదు.

మీ ఊళ్లో అలాంటివాడికి జాగ ఇచ్చిన మనిషి ఎవరు? పేరు కింద రాయండి... నలుగురం చదువుకుందాం.