రూతు రాయిని కాల్చింది నేనే

ఈ మాట ఎన్నో ఏళ్లుగా నాలోనే దాచుకున్నాను. మోయలేకపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

రూతుది గౌడవెల్లి. నాది మేడ్చల్. ఇద్దరం ఒకే సారు దగ్గర రాళ్ల మీద పరిశోధన చేసేవాళ్లం. దేవరయాంజాల్ దాటాక ఉన్న గుట్టను సారు ఆమెకిచ్చాడు. ఆ రాయి ఒకప్పుడు భూమిలో చాలా లోతున, వేడిలో ఉండేది. ఎప్పుడు పైకొచ్చి చల్లబడిందో తేల్చాలి. రాయిలో అపటైట్ అనే ఖనిజం నలుసులుంటాయి. వాటిలోని యురేనియం పరమాణువు పగిలినప్పుడల్లా కంటికానని గీత ఒకటి పడుతుంది. వేడిలో ఆ గీతలు మాసిపోతాయి. చల్లబడ్డాకే నిలుస్తాయి. నిలిచినవాటిని లెక్కపెడితే రాయి వయసు కాదు, అది పైకొచ్చిన కాలం తెలుస్తుంది.

ఒక శుక్రవారం రూతు కడిగిన నలుసుల్ని ల్యాబ్ ఓవెన్‌లో తక్కువ వేడి మీద ఆరబెట్టి, చర్చిలో పనుందని వెళ్లింది. తర్వాత అదే ఓవెన్‌లో నా గిన్నెలు పెట్టి వేడి బాగా పెంచాను. వెనకాల ఆమె గిన్నె ఉంది. చూడలేదని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. చూశాను. కాసేపే కదా అనుకున్నాను. బంధువుల పెళ్లికి పోయే తొందరలో ఆపడం మరిచాను. సోమవారం అందరికంటే ముందు వచ్చి ఆపేశాను.

ఆమె నలుసుల్లో గీతల్లేవు. కోట్ల ఏళ్ల రాయి నిన్నమొన్న చల్లబడినట్టు లెక్క తేలింది. మళ్లీ రాయి తెస్తానంది రూతు. చేతకాని పనికి ఎందుకొచ్చావని సారు అందరి ముందూ అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు.

మెట్ల దగ్గర నన్నాపింది.

"అన్నా, గా ఓవెన్ వేడి ఎవరన్న పెంచిన్రా? నీకేమన్న ఎరుకనా?"

"నాకెరుక లేదు చెల్లె."

"గట్లయితే నేనే ఏదో తప్పు జేసిన."

నన్ను నమ్మి తనను తాను అనుమానించుకుంది. నెల తిరక్కుండానే చదువు మానేసింది. ఆ గుట్ట పని సారు నాకిచ్చాడు. వద్దనలేదు. ఎందుకనలేదు? భయమా, ఆశా? రెండూ అనుకుంటాను. నేను తెచ్చిన రాయిలో గీతలు చక్కగా కనిపించాయి. పని తెలిసిన చెయ్యి అన్నారు. దాంతోనే డాక్టరేటు వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది.

ఈమధ్య చెప్పేద్దామని నాగారంలో రూతు ఇంటికి వెళ్లాను. అక్కడే బళ్లో సైన్సు చెబుతోంది. నేను నోరు తెరిచేలోపే వాళ్లాయనకు పరిచయం చేసింది. "అందరు నవ్విన నాడు నన్ను ఏమననిది గీ అన్న ఒక్కడే."

చాయ్ తాగి వచ్చేశాను.

చెప్పి ఉంటే ఆమె మనసు తేలికయ్యేదా, నాది మాత్రమేనా? పోయిన ఆ చదువును ఎక్కడినుంచి తెచ్చివ్వను? ఏమీ తోచదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ వేడి పెంచింది నేను. రూతు ఏ తప్పూ చేయలేదు. ఇది రాశాక ఊపిరి ఇవాళ కొంచెం లోపలి దాకా వెళ్తోంది.