పోలారావు కట్టించిన సూదిబెజ్జం

మా అత్త రత్నాలమ్మకి ఈ లోకంలో సొంత ఆస్తి అంటూ ఉన్నది ఒక్క వాక్యమే. ఇల్లు అద్దెది. కూతురు భవానిని నాకిచ్చేసింది. పలాస జీడి బట్టీలో ముప్పయ్యేళ్లు నేల మీద గొంతుక్కూర్చుని పిక్కలు కొట్టీ కొట్టీ చేతులు నల్లబడిపోయాయి, మోకాళ్లు వంగడం మానేశాయి. ఇక మిగిలింది ఆ వాక్యం. డబ్బున్నవాడు పరలోకంలో అడుగు పెట్టడం కంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడమే తేలిక అని పాస్టరు సన్యాసయ్య చదివినప్పుడల్లా ఆవిడ చర్చంతా వినబడేలా నవ్వేది. నవ్వి, బట్టీ యజమాని పోలారావు వైపు చూసేది.

పోలారావూ ఆ చర్చికే వచ్చేవాడు. తొంభైతొమ్మిది తుఫానులో అందరి రేకులూ లేచిపోయి తన బట్టీ రేకులు మాత్రం కదలకపోయేసరికి, దేవుడు తన మనిషేనని తేల్చుకుని బాప్తిస్మం తీసుకున్నాడు. ఒంటె సంగతి ఆ తర్వాత తెలిసింది. పాపం, అన్నం సహించలేదు.

"ఆ ముక్క వొదిలేసి మిగతాది సదవకూడదా, పాస్టరుగారూ?" అని బతిమాలాడట.

సన్యాసయ్య పరమ మొండిమనిషి. "అమ్మేసి బీదోళ్లకి ఇచ్చెయ్యండి బాబూ. సూదంటే సూదే," అన్నాడు.

రెండువేల మూడులో విశాఖ నుంచి టై కట్టుకున్న ప్రసంగీకుడు ఒకాయన వచ్చాడు. సూదిబెజ్జమంటే సూదికి ఉండేది కాదట. యెరూషలేము గోడలో ఓ చిన్న గుమ్మమట. వీపు మీద మూట దించేసి, మోకాళ్ల మీద వంగితే ఒంటె హాయిగా దూరిపోతుందట. పోలారావు ముఖం చూడాలి అప్పుడు! సన్యాసయ్య "ఆ గుమ్మం ఎన్నో పేజీలో ఉందండీ?" అని అడుగుతూనే ఉన్నాడు. వినేదెవరు?

మర్నాడే నాకు కబురొచ్చింది. నేను తాపీమేస్త్రీని. ఈ ధర్మారావు కట్టిన గోడంటే మందస దాకా పేరుంది. ఆదివారం చర్చికి వెళ్లేది మా అత్త, నేను కొబ్బరికాయ కొట్టుకునేవాణ్ణి. అయినా కూలి ఇస్తానంటే గోడ కట్టనంటానా?

"సర్చి సుట్టూ గోడ కట్టాల మేస్త్రీ. ఒకటే గుమ్మం. మోకాళ్ల మీద ఒంగితే గాని దూరకూడదు," అన్నాడు పోలారావు.

"ఎంతెత్తు బాబూ?"

"ఒంటె ఎంతుంటాదేటి?"

పలాసలో ఒంటెని కొలిచినవాడెవడు? చివరికి ఆయన్నే మోకాళ్ల మీద నిలబెట్టి, తల వంచమని, టేపు పెట్టాను. మూడడుగులు వచ్చింది. మేకలూ పందులూ లోపలికి రాకుండా గోడ ఉంటే మంచిదే కదా అని సన్యాసయ్య కూడా నోరు మూసుకున్నాడు.

ప్రారంభం రోజు ఆదివారం. పోలారావు తాళాల గుత్తి, కొత్త సెల్‌ఫోను, చేతిసంచీ తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. మూట దించడమన్నమాట. తెల్లపంచె ఎగ్గట్టి, మోకాళ్ల మీద పాకి, పొట్ట కాస్త గీసుకున్నా మొత్తానికి దూరాడు. లోపల్నుంచి "హల్లెలూయ!" అని పెద్ద కేక. ఆ వెనకాలే ఒక మేక, తల కూడా వంచకుండా, దర్జాగా లోపలికి నడిచింది.

అప్పుడొచ్చింది మా అత్త, కర్ర పొడుచుకుంటూ. గుమ్మాన్ని చూసింది. నన్ను చూసింది.

"ఏటిది అల్లుడూ?"

"గుమ్మం అత్తా. ఒంగి ఎల్లాల."

"నాను ఒంగితే మల్లీ లెగుత్తానా? మోకాళ్లు ఒంగితే ఆ బట్టీలోనే కూకుందును కాదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ మోకాళ్ల సంగతి నాకు తెలియనిదా? రోజూ పొద్దున్నే మంచం మీంచి లేపేది నేనే. ఛీ, కూలి మీద ధ్యాసలో ఒంటెకి కొలత పెట్టాను గాని మా అత్తకి పెట్టలేదు.

"నాకున్నాది ఆ ఒక్క సోటే అల్లుడూ. అక్కడికీ రానీకుండా సేసినారా," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

వెనకాల బట్టీ ఆడవాళ్లు ముప్పైమంది దాకా వచ్చి నిలబడ్డారు. అందరివీ అవే మోకాళ్లు. వంగగలిగినవాళ్లు కూడా వంగలేదు. మా అత్త గోడకి ఆనుకుని కళ్లు తుడుచుకుని పాట ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు. బయట అంత పాట, లోపల ముగ్గురే: పాస్టరు, పోలారావు, మేక.

సన్యాసయ్య మెట్ల మీద నిలబడి, "బాబూ, మీరు పరలోకంలోకి ఒచ్చీసినారు. సుట్టూ ఒకపాలి సూడండి, ఇంకెవులున్నారో," అన్నాడు.

మేక అరిచింది.

పోలారావు ముఖం వాడిపోయింది. కాసేపు పాట విన్నాడు. గబగబా గుమ్మం దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద పడ్డాడు. ఆ తొందరలో పొట్ట అడ్డం పడి సగంలో ఇరుక్కుపోయాడు. తల బయట, కాళ్లు లోపల. అది చూసి మా అత్త నవ్వింది చూడండీ, వీధి చివరిదాకా వినబడి ఉంటుంది.

"నవ్వుతావేటే రత్నాలమ్మా! మూట దించినాను గదా!"

"దించినావా? మా అల్లుడి సేతికిచ్చినావు బాబూ. బయటికొచ్చి మల్లీ తీసుకుంటావు."

పోలారావు నేల చూపులు చూశాడు. "మేస్త్రీ, గునపం తే," అన్నాడు, చిన్నగా.

నా చేత్తో కట్టింది నా చేత్తోనే పగలగొట్టాను. పడ్డ ఇటుకల మధ్య నుంచి మా అత్త కర్ర పట్టుకుని, నిటారుగా, ముందు నడిచింది. సన్యాసయ్య ఆ రోజు కావాలనే ఆ వాక్యమే చదివాడు. తాళాలూ, సెల్లూ, సంచీ ఇంకా నా దగ్గరే ఉన్నాయి. ప్రార్థన అయ్యేదాకా పోలారావు వాటిని అడగలేదు.

అయ్యాక అడిగాడు. మా అత్త మళ్లీ నవ్వింది.